గట్టు మీద లాబ్రడార్ లాగేస్తోంది, నా భుజం పోయింది

గట్టుపక్కఇల్లు (పాలకొల్లు):
మా బ్రూనోకు 14 నెలలు, లాబ్రడార్, 31 కిలోలు. నాకు 54 ఏళ్లు. తెల్లవారుజామున అయిదున్నరకు నరసాపురం కాలువ గట్టు మీదికి తీసుకెళ్తాను. గేటు దాటగానే గొలుసు బిగుసుకుంటుంది, మళ్లీ ఇంటికి వచ్చేదాకా సడలదు. మొన్న ఎదురుగా బాతుల మంద వచ్చింది. నేను గడ్డిలో బోర్లా పడ్డాను. కుడి చెయ్యి ఇప్పటికీ భుజం దాటి లేవడం లేదు. బాతులు కాసే అబ్బాయి నవ్వాడు, అది వేరే సంగతి. మూడు ప్రశ్నలు. ఈ వయసు కుక్కకు లాగకుండా నడవడం నేర్పగలమా? మెడకు బదులు ఒంటికి కట్టే పట్టీ, ఛాతీ దగ్గర రింగు ఉండే హార్నెస్, దానివల్ల ఉపయోగం ఉందా? బాతులు కనబడితే ఏం చేయాలి? "చిన్నప్పుడే నాలుగు తగిలించి ఉండాల్సింది" అని మా వారు రోజూ అంటున్నారు, ఆ సలహా ఒక్కటి మాత్రం వద్దు.

పందెపుఎడ్లు (మండపేట దగ్గర):
అమ్మా, ముప్పయ్యేళ్లుగా ఎడ్లతో బతుకుతున్నవాణ్ని. లోపం కుక్కలో లేదు, మీరు పట్టుకునే తీరులో ఉంది. బిగించి పట్టుకుంటే ఏ జీవమైనా ఎదురు లాగుతుంది. పగ్గం ఎప్పుడూ వదులుగా ఉండాలి. అవసరమైనప్పుడు ఒక్క కుదుపు, వెంటనే వదిలేయడం. గొంతు దగ్గర బిగుసుకునే గొలుసు కొనండి, వారంలో దారికొస్తుంది. మా అల్సేషియన్‌కు నేనే నేర్పాను. సంతలో వదిలినా నా మడమ విడవదు.

రేవుదాటినకుక్క (ముక్తేశ్వరం):
ఎద్దు ముక్కుకూ కుక్క గొంతుకూ ముడిపెట్టకండి. మా పామరేనియన్‌కు ఇలాంటి పెద్దమనిషి మాట విని అదే గొలుసు వేశాం. రెండు నెలలకు బాతు అరిచినట్టు దగ్గు మొదలైంది. శ్వాసనాళం నొక్కుకుపోయిందని పశువైద్యుడు చెప్పారు, చిన్న జాతులకు ఆ బలహీనత పుట్టుకతోనే ఉంటుందట, పైన మేము గొలుసు బిగించాం. ఇప్పుడు దానికి మెడపట్టీ కూడా వేయం. పక్కింట్లో ఎవరు దగ్గినా నాకు ఉలికిపాటే.

పందెపుఎడ్లు:
పామరేనియన్ కుక్క కాదు, బొమ్మ. ఆవిడ అడిగింది 31 కిలోల లాబ్రడార్ గురించి.

వంతెనకింద (రావులపాలెం):
మాది నాటు కుక్క. వానలో మా మెట్ల కింద చేరింది, ఇక పోలేదు. దానికి నడక నేర్పడానికి మూడు నెలలు పట్టింది కాబట్టి వారంలో అయిపోతుందని నేను చెప్పను. నాకు అర్థమైనది ఇది. కుక్క లాగుతుంది, మనం వెనకాల వెళ్తాం, అది అనుకున్న స్తంభం దగ్గరికి చేరుతుంది. అంటే లాగితే స్తంభం వస్తుందని రోజూ మనమే పాఠం చెబుతున్నాం. తాడు బిగియగానే నేను ఆగిపోవడం మొదలుపెట్టాను. తిట్టు లేదు, కుదుపు లేదు. అది వెనక్కి తిరిగి చూసి తాడు సడలితేనే అడుగు. మొదటి రోజు మా గేటు నుంచి పక్కింటి గేటు దాకా ఇరవై నిమిషాలు. పక్కింటావిడ మా వారికి ఫోను చేసి, "మీ ఆవిడ రోడ్డు మీద నిలబడిపోయింది, ఒంట్లో బాగుందా?" అని అడిగింది.

ఎడమ కాలి పక్కన సరిగ్గా నడిచినప్పుడల్లా ఒక ఎండురొయ్య. మొదట రెండడుగులకొకటి, తర్వాత పదడుగులకొకటి. ఈ పని ముందు డాబా మీద, తర్వాత పెరట్లో, ఆ తర్వాతే వీధిలో. గట్టు మీద, బాతుల ఎదుట మొదటి పాఠం పెడితే అది అక్షరాలు రాని పిల్లవాడిని పదో తరగతి పరీక్షకు కూర్చోబెట్టడమే. ఇంకొకటి, ఇంట్లో అందరూ ఒకే తీరుగా ఆగాలి. మా వారు ఒక ఆదివారం తొందరలో లాగనిచ్చారు, వారం రోజుల కష్టం గంగలో కలిసింది. అప్పుడప్పుడు గెలిచేవాడే పేకాట మానలేడు కదా, కుక్క కూడా అంతే.

రొయ్యలచెరువు (భీమవరం):
మిగతాదంతా బాగుంది కానీ ఎండురొయ్యలేమిటండి? పదిహేనేళ్లుగా చెరువులు చేస్తున్నాను, రొయ్య గురించి నాకు ఒకరు చెప్పక్కర్లేదు. బజారులో అమ్మేవాటిలో ఉప్పెంతో, ఇసుకెంతో మీకు తెలుసా? రోజూ పాతిక రొయ్యలు పెడితే కుక్క కడివెడు నీళ్లు తాగుతుంది, రాత్రంతా మీరు తలుపు తీస్తూ కూర్చోవాలి.

వంతెనకింద:
నేను కొనేవి చప్పిడివి. కడిగి, ఎండబెట్టి, ఒక్కోదాన్ని మూడు ముక్కలు చేస్తాను. పాతిక అని నేనెక్కడ రాశాను?

రొయ్యలచెరువు:
చప్పిడివి అని అమ్మేవాడు చెప్పాడు, మీరు నమ్మారు. ఒకటి నోట్లో వేసుకుని చూశారా?

వంతెనకింద:
చూశాను. మీరు చూశారా, లేక పదిహేనేళ్లుగా చెరువు గట్టు మీద నిలబడి లారీకి ఎక్కించడమేనా?

రేవుదాటినకుక్క:
ఉడకబెట్టిన కోడి మాంసం, ఉప్పూ కారం లేకుండా, శనగగింజంత ముక్కలు. గొడవ తీరిపోతుంది. కార్జం అయితే కుక్కకు ప్రాణం, కాకపోతే రోజూ వద్దు, కొంచెమే.

రొయ్యలచెరువు:
లారీ మాట వెనక్కి తీసుకోండి.

రిటైర్డుమాస్టారు (అమలాపురం):
మా ఇంట్లో మాంసం ముట్టం. మా స్పిట్జ్ నాలుగేళ్లుగా మాతో పాటు శాకాహారమే, నిక్షేపంలా ఉంది. నడక నేర్పేటప్పుడు జేబులో ఎండుద్రాక్ష, లేత కొబ్బరి ముక్కలు పెట్టుకుంటాను. చేతికి వాసన ఉండదు, దేవుడి గదిలోకి నేరుగా వెళ్లవచ్చు. కోనసీమలో ఉండి రొయ్యల కోసం కొట్టుకోవడమేమిటి, కొబ్బరి లేదా?

రేవుదాటినకుక్క:
మాస్టారూ, ఎండుద్రాక్ష ఈ రోజే ఆపేయండి. ద్రాక్ష పచ్చిదైనా ఎండుదైనా కుక్కకు విషం, మూత్రపిండాలు పనిచేయడం మానేస్తాయి. ఒక కుక్క గుప్పెడు తిన్నా తట్టుకుంటుంది, ఇంకొకటి నాలుగు గింజలకే పడిపోతుంది. ముందే తెలుసుకునే దారి లేదు. చాక్లెట్, ఉల్లిపాయ కూడా కుక్కకు విషమే.

రిటైర్డుమాస్టారు:
నాలుగేళ్లుగా తింటున్నదానికి ఇవాళ విషమైపోయిందా? నలభై ఏళ్లు పిల్లలకు సైన్సు చెప్పినవాణ్ని. కారణం చెప్పకుండా భయపెడితే ఒప్పుకోను.

కాకినాడక్లినిక్:
పశువుల ఆసుపత్రిలో సహాయకుడిగా పనిచేస్తున్నాను, డాక్టర్ని కాదు. కారణం అడిగారు కాబట్టి చెబుతున్నాను. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లం వల్లనని 2021 నుంచి పశువైద్యులు అంటున్నారు. ద్రాక్షకూ ద్రాక్షకూ ఆ ఆమ్లం ఎక్కువ తక్కువలుంటాయి, అందుకే ఒక్కో కుక్కకు ఒక్కోలా. మన ఇళ్లలో ఎవరూ పట్టించుకోనిది ఇంకొకటి ఉంది. చింతపండు నిండా అదే ఆమ్లం.

పందెపుఎడ్లు:
ఇక చాలు. మా తాతల కాలం నుంచి ఈ ఊళ్లలో కుక్కలు పులుసన్నం తినే బతికాయి. రేపు గంజి కూడా విషమంటారు.

కాకినాడక్లినిక్:
మీ తాతల కాలంలో కుక్క రెండ్రోజులు వాంతులు చేసుకుని చస్తే "ఏదో తినేసింది" అని పాతిపెట్టేవారు. మూత్రపిండాలకు రక్తపరీక్ష ఎవరు చేయించారు?

రిటైర్డుమాస్టారు:
టార్టారిక్ ఆమ్లమైతే ఆలోచించాల్సిన విషయమే. ఆపేస్తాను. కొబ్బరి?

కాకినాడక్లినిక్:
గోరంత ముక్క ఫర్వాలేదు. చిప్పలకు చిప్పలు పెడితే కొవ్వు ఎక్కువై విరేచనాలు. వేయించిన శనగలు పొట్టు తీసి ఇచ్చి చూడండి, ఉప్పు లేనివి.

గట్టుపక్కఇల్లు:
అందరికీ దండం. నా భుజం గురించి ఎవరైనా ఒక్క మాట రాస్తారా?

లంకపొలం:
భుజానికి ఆముదం వేడిచేసి రాయండి. ఆ సమయానికి గట్టు మీద గడ్డిలో నడవకండి, రక్తపింజరులుంటాయి. కుక్క ముక్కు ముందుపెట్టి వెళ్తుంది, కాటు కూడా ముక్కుకే పడుతుంది. మా దాన్ని అలాగే పోగొట్టుకున్నాం.

యానాంగాలి:
నడక నేర్పడం సంగతి సరే, మా వీధిలో ఏడు ఊరకుక్కలున్నాయి. మాది బుద్ధిగా పక్కన నడుస్తుంటే అవి వచ్చి మీద పడతాయి. ఈ ఫోరంలో అందరిళ్ల ముందూ వీధులు ఖాళీగా ఉంటాయా?

రేవుదాటినకుక్క:
పరిగెత్తవద్దు, మీ కుక్కను ఎత్తుకోవద్దు, దాన్ని మీ వెనక్కి తెచ్చుకుని నిదానంగా వాటికి దూరంగా తప్పుకోండి. కరిస్తే, మనిషినైనా కుక్కనైనా, పావుగంట సబ్బుతో, పారే నీళ్లతో కడిగి అదే రోజు ఆసుపత్రికి. ఎదురు చూడకూడదు.

యానాంగాలి:
తప్పుకోవడానికి మా సందు వెడల్పు ఆరడుగులు.

అపార్టుమెంటుకోనసీమ (హైదరాబాద్, సొంతూరు అంబాజీపేట):
బటన్ నొక్కితే సాగే తాడు కొనండి, అయిదు మీటర్లు వస్తుంది. కుక్కకు స్వేచ్ఛ, మనకు సుఖం.

వంతెనకింద:
నేర్పే రోజుల్లో అది పనికిరాదు. ఆ తాడు ఎప్పుడూ కొంచెం బిగుతుగానే ఉంటుంది, లాగితే ఇంకా సాగుతుంది. లాగు, దారి వస్తుంది అని చెప్పే యంత్రమది. పైగా ఆ సన్నని తాడు వేలికి చుట్టుకుంటే చర్మం కోసుకుపోతుంది. ఆరడుగుల మామూలు తాడు చాలు. నేను వాడేది కొబ్బరి పీచు తాడుకు పాత చీర చుట్టి కుట్టినది, చేతికి మెత్తగా ఉంటుంది.

రొయ్యలచెరువు:
పీచు తాడు తడిస్తే కుళ్లుతుంది. నైలాను వాడండి. లారీ మాట ఇంకా అలాగే ఉంది.

పందెపుఎడ్లు:
వీళ్లు రొయ్యలూ చీరలూ అంటారు. కుక్క మనిషిని పెద్దగా గుర్తించాలి. మా అల్సేషియన్ రోజంతా కొట్టంలో కట్టేసి ఉంటుంది, సాయంత్రం విప్పగానే నా ముఖం చూస్తుంది. అదీ క్రమశిక్షణ.

కాకినాడక్లినిక్:
రోజంతా కట్టేసిన కుక్క మీ ముఖం చూడక ఎవరి ముఖం చూస్తుందండి? 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం తీసి 11వ సెక్షన్ చదవండి. ఎప్పుడూ గొలుసుతో కట్టి ఉంచే కుక్కకు తగినంత నడక లేకుండా చేయడం అందులో నేరంగానే ఉంది.

పందెపుఎడ్లు:
కేసు పెట్టండి. పందేనికి ఎడ్లను ఎలా సాకుతామో వచ్చి చూడండి, కన్నబిడ్డలకు కూడా అంత తిండి పెట్టరు.

కాకినాడక్లినిక్:
ఎడ్ల గురించి నేను ఏమీ అనలేదు. అల్సేషియన్ గురించి అన్నాను.

రిటైర్డుమాస్టారు:
మా వాడు చక్కగానే నడుస్తాడు కానీ కాటన్ దొర విగ్రహం రాగానే ఆగి కాలెత్తుతాడు. 1852లో ఆనకట్ట కట్టి ఇంత పచ్చదనం ఇచ్చిన మనిషి గద్దె మీద! రోజూ సిగ్గుతో చస్తున్నాను. దీనికేదైనా ఉపాయం?

లంకపొలం:
ఎదురు వైపు నుంచి వెళ్లండి మాస్టారూ.

వంతెనకింద:
గట్టుపక్కఇల్లు గారూ, మన్నించండి, తప్పు నాదే, రొయ్యల్లో పడి మీ ప్రశ్న మరిచాను. 14 నెలలు ఆలస్యమేమీ కాదు, మా దానికి మూడేళ్లకు నేర్పాను. హార్నెస్ కొంటే ఛాతీ మీద రింగు ఉన్నదే కొనండి. కుక్క ముందుకు దూకితే ఒళ్లు పక్కకు తిరుగుతుంది, బలం సగమవుతుంది. వీపు మీద రింగు ఉన్నదైతే మంచు బళ్లు లాగే కుక్కలకు కట్టినట్టే, హాయిగా లాగుతుంది. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత తీసుకుని వెళ్లండి, పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. అది మీ భుజాన్ని కాపాడుతుంది, నడక నేర్పేది మాత్రం మీరే. తాడు మణికట్టుకు చుట్టుకోకండి, పడిపోయింది అందుకే అనుకుంటాను.

బాతులకు వస్తే, దూరం ఒక్కటే మందు. బ్రూనో బాతులను చూసి కూడా మీ చేతిలో ముక్క తినగలిగే దూరం ఎంతో కనిపెట్టండి, అది యాభై గజాలు కావచ్చు, వంద కావచ్చు. అక్కడ నిలబడి, అది బాతును చూసిన వెంటనే ఒక ముక్క, మళ్లీ చూస్తే మళ్లీ ముక్క. కొన్నాళ్లకు బాతు కనబడగానే మీ వైపే తిరుగుతుంది. అప్పుడు పది గజాలు దగ్గరికి. ముక్క తీసుకోవడం మానేసిందంటే మరీ దగ్గరికి వచ్చేశారని అర్థం. గట్టు ఇరుకు కాబట్టి మంద ఎదురైతే వెనుదిరిగి వచ్చేయండి, పరువు పోదు. వాసన చూసుకోవడానికి మధ్యలో "వెళ్లు" అని వదలండి, కుక్కకు నడక అంటే సగం అదే.

గట్టుపక్కఇల్లు (పద్దెనిమిది రోజుల తర్వాత):
ఛాతీ రింగు హార్నెస్ భీమవరంలో కొన్నాను. డాబా మీద పదిరోజులు తిరిగాం, పక్క డాబా వాళ్లు కుర్చీలు వేసుకుని చూశారు. ఇప్పుడు గేటు నుంచి లాకు దాకా తాడు మూడుసార్లే బిగుస్తోంది. నిన్న బాతులు అవతలి గట్టున ఉన్నాయి, మధ్యలో కాలువ. బ్రూనో చూశాడు, వణికాడు, కార్జం ముక్క తిన్నాడు. మళ్లీ చూశాడు, మళ్లీ తిన్నాడు. ఏడుసార్లు. మా వారు కూడా వచ్చారు. ఏమీ అనలేదు. తిరిగి వచ్చేటప్పుడు తాడు తానే పట్టుకుంటానన్నారు, పావు ఫర్లాంగులో రెండుసార్లు లాగనిచ్చారు.

రొయ్యలచెరువు:
సంతోషం. కార్జమే కదా పెట్టింది? నేను ముందే చెప్పాను.

వంతెనకింద:
కార్జం చెప్పింది మీరు కాదు.