కనిగిరి పిల్ల చేతిలో మిషన్ ఎట్టా ఉండాల? (షార్ట్ ఫిల్మ్‌లో వాడే వస్తువు మీద చర్చ)

అభ్రకం_కథలు (నెల్లూరు): మా షార్ట్ ఫిల్మ్ కథ 2080లో కనిగిరిలో జరుగుద్ది. పదో క్లాసు చదివే పిల్ల, బోరు బోరుకీ తిరిగి నీళ్లల్లో ఫ్లోరైడ్ ఎంతుందో మిషన్ పెట్టి చూస్తా ఉంటది. ఆ మిషన్‌కి రెండు డిజైన్లు ఉండాయి. ఒకటి త్రీడీ ప్రింట్ తీసి వెండి మాదిరి మెరిసే క్రోమ్ పెయింట్ కొట్టింది, నీలం లైటు, స్క్రీన్ మీద నంబర్లు. రెండోది పాత ట్రాన్సిస్టర్ డబ్బా, స్టీలు చెంబు, సైకిల్ డైనమో లైటు కలిపి చేసింది. టీంలో సగం ఇటు సగం అటు. మీరేమంటారు?

దర్గామిట్ట_రాణి: క్రోమే. తంబ్‌నెయిల్ అదిరిద్ది.

మల్టీమీటర్_కావలి: రంగులు తర్వాత, బ్యాటరీ యాడ పెడతన్నావు? ఎంతసేపొస్తది, ఎట్టా చార్జ్ చేసుద్ది? ఇయ్యేమీ ఆలోచించకుండా చేసిన గ్యాడ్జెట్ పది సెకన్లలో దొరికిపోద్ది. ఇంకోటి, పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో ప్రింట్ తీస్తావేమో, అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుద్ది, మే నెలలో షూటింగ్ పెట్టుకోని కార్లో వదిలేసి భోజనానికి పోయావంటే వచ్చేసరికి నీ మిషన్ వంకర తిరిగి ఉంటది.

గద_బాబాయ్ (ఒంగోలు): బ్యాటరీ ఎవురికి కావాలయ్యా. నాటకాలకి గదలు, కిరీటాలు చేసే ఇల్లు మాది. చివరి బెంచీలో కూచున్నోడికి ఆ వస్తువు ఎవురిదో తెలిస్తే చాలు. 1957లో మాయాబజార్‌లో శశిరేఖ పెట్టె తెరిస్తే అభిమన్యుడు కనపడలా? ఆ ప్రియదర్శిని పెట్టెకి చార్జింగ్ ఎంతుందని ఎవురన్నా అడిగారా?

మల్టీమీటర్_కావలి: అది కృష్ణుడి మాయ బాబాయ్, మాయకి కరెంటు అక్కర్లా. ఇది సైన్సు కథ.

గద_బాబాయ్: సైన్సు కథే చెప్తా విను. 1977లో వచ్చిన స్టార్ వార్స్‌లో ఆ వెలుగు కత్తి పిడి ఏందనుకున్నావు? పాతకాలం గ్రాఫ్లెక్స్ కెమెరా ఫ్లాష్ హ్యాండిల్. ఫొటో సామాన్ల షాపులో దొరికినదానికి చిన్న చిన్న ముక్కలు అంటించారు, అంతే. లోకమంతా నమ్మలా?

మల్టీమీటర్_కావలి: ఆ ఫ్లాష్ హ్యాండిల్ లోపల పెట్టేది బ్యాటరీలే. అందుకే చేత్తో పట్టుకుంటే నిజం వస్తువు మాదిరి ఉండాది. నా మాటే నువ్వు చెప్తన్నావు.

గద_బాబాయ్: నీతో మాట్లాడేదానికన్నా గోడతో మాట్లాడేది మేలు.

కనిగిరి_టీచర్: మధ్యలో వస్తన్నా ఏమనుకోబాకండి. అసలు ఫ్లోరైడ్ ఎట్టా చూస్తారో ఎవరన్నా చూశారా? మా స్కూల్లో కిట్ ఉంది. గొట్టంలో నీళ్లు పోసి జిర్కోనియం అనే లోహం కలిసిన రంగు మందు చుక్కలేస్తాం. నీళ్లల్లో ఫ్లోరైడ్ ఉంటే ఆ జిర్కోనియంని లాగేసుకుంటది, దాంతో గులాబీ రంగు పసుప్పచ్చకి తిరుగుద్ది. పక్కన రంగుల చార్టు పెట్టి పోల్చుకోవటమే. లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా పర్లేదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా తాగొచ్చంటారు. ఈ ఫ్లోరైడ్ కంటికి కనపడదు, వాసన రాదు, నీళ్లు కాస్తే పోయేది కూడా కాదు, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుద్ది. కెమెరా ముందు గులాబీ పసుపైతే ఎవరికీ వివరించి చెప్పే పనుండదు. నంబర్లు ఎందుకు?

దర్గామిట్ట_రాణి: టీచర్ గారూ బాగుంది గానీ డాక్యుమెంటరీ అయిపోద్దేమో.

గద_బాబాయ్: రంగంటే గుర్తొచ్చింది. ఒక పిక్చర్ వాళ్లకి థర్మోకోల్ గద చేసిచ్చా. ముందు ఫెవికాల్ పూత వెయ్యండి, ఆరినాక వాటర్ పెయింట్ కొట్టండని చిలక్కి చెప్పినట్టు చెప్పి పంపితే వాళ్ల కుర్రోడు నేరుగా స్ప్రే కొట్టాడు. కరిగిపోయి అమ్మోరు పోసినట్టు గుంటలు పడ్డాయి. నీ పని నాసిరకమని మిగతా డబ్బులు ఎగ్గొట్టారు. ఈ ఫీల్డే అంత.

దర్గామిట్ట_రాణి: ఏ థ్రెడ్ తెరిచినా ఆ గద కథేనా బాబాయ్. ఇక్కడ అడిగిందేంది, నువ్వు చెప్పేదేంది.

గద_బాబాయ్: అడిగింది నా సంగతే లేమ్మా. ఆ రెండో డిజైన్ ఎవురు చేశారో ఈ అబ్బాయి రాశాడా? నేనే చేశా. సామానుకి డబ్బులిచ్చాడు, చేతికూలి తర్వాతన్నాడు, ఇప్పుడేమో ఊళ్లో అందరినీ కూర్చోబెట్టి దాన్ని బాగలేదనిపిస్తన్నాడు. బాగలేదనిపిస్తే కూలి ఎగ్గొట్టొచ్చు కదా.

మల్టీమీటర్_కావలి: ఓహో.

అభ్రకం_కథలు: బాబాయ్ అందరి ముందరా అట్టా అంటే ఎట్టా. కూలి ఎగ్గొడతానని ఎప్పుడన్నా? సరే, దాచుకునేదేముంది, చెప్తా. మీ పని బాగలేదని కాదు, నాకది చూస్తే కడుపు మండింది. మన ప్రాంతం కథ అనంగానే చిల్లు బిందె, పాత డబ్బా, తుప్పు పట్టిన సైకిల్. హైదరాబాద్‌లో కథైతే గాజు బిల్డింగులు పెడతారు. తెలుగులో టైం మిషన్ ఎక్కించి 1991లో ఆదిత్య 369 తీసిన సింగీతం శ్రీనివాసరావు గారు మన నెల్లూరు జిల్లాలో పుట్టినాయన. మనోళ్లకి అంత పెద్ద ఊహ రావచ్చు గానీ మన కథలో పిల్లకి మాత్రం కొత్త వస్తువు రాకూడదా? 2080లో కూడా ఆ పిల్ల చెత్తలో ఏరుకున్నదే పట్టుకోవాలా?

గద_బాబాయ్: చెత్త అన్నావు చూడు, అదీ నీ మనసులో మాట. అది ఆ పిల్ల సొంతంగా చేసుకున్నట్టు కనపడాలని చేశా నేను. కొనిచ్చిన మిషన్ చెడిపోతే కంపెనీ వాడి కోసం ఎదురుచూడాల. తను చేసుకున్నదైతే స్క్రూ ఇప్పి బాగు చేసుకుంటది. చెంబే ఎందుకు పెట్టాను? బోరు కింద పట్టేదానికి, అవతలోళ్లకి తాగేదానికిచ్చేదానికి చేతికొచ్చేది అదే కాబట్టి. నీ క్రోమ్ డబ్బాతో నీళ్లెట్టా పడతావు?

అభ్రకం_కథలు: సినిమా చూసేవాళ్లకి ఇంత వివరం యాడ తెలుస్తది బాబాయ్, పేదరికమే కనపడుద్ది.

కనిగిరి_టీచర్: తమ్ముడూ, ఒకటడుగుతా. 2080లో కూడా మా నీళ్లల్లో ఫ్లోరైడ్ ఉంటదని రాసింది నువ్వేగా. అప్పుడు మండని కడుపు ట్రాన్సిస్టర్ డబ్బా చూస్తే మండిందా?

దర్గామిట్ట_రాణి: 😶

అభ్రకం_కథలు: అది కథ మేడం. సమస్య లేకపోతే కథ యాడుంటది.

కనిగిరి_టీచర్: ఈ ఫ్లోరైడ్ నీళ్లకి పాడైన మా పిల్లల పళ్లు చూస్తా కథ రాసుకోండి, కాదన్లా. మిషన్‌కి మెరుపు పెడితే మర్యాద వచ్చుద్దని మాత్రం అనబాకండి.

అభ్రకం_కథలు: బాబాయ్, సాయంత్రం ఫోన్ చేస్తా, కూలి లెక్క తేల్చుకుందాం. డిజైన్ మాత్రం టీంలో ఓటింగ్ పెడతా.

గద_బాబాయ్: కూలి ఇచ్చినాక ఓటింగ్ పెట్టుకో, ఊరేగింపు పెట్టుకో. టైటిల్స్‌లో పేరు కూడా పడాల. ఓడిపోయినా పడాల.

మల్టీమీటర్_కావలి: ఒక చిన్న డౌటు. డైనమో చక్రం తిరిగితేనే కరెంటిస్తది. పిల్ల బోరు దగ్గర నిలబడుంటే లైటు ఎట్టా వెలుగుద్ది?