ఏజెన్సీలో (గిరిజన ప్రాంతంలో) ఎస్జీటీగా, అంటే ప్రైమరీ టీచరుగా చేరాను, మొదటి రెండేళ్లు ఎలా నెట్టుకొచ్చారు?

చోడవరం కుర్రాడు:
ఆంధ్రాలో టీచర్ల ఎంపికకి పెట్టిన మెగా డీఎస్సీ 16,347 పోస్టుల్లో ఒకటి నాది. 2025 సెప్టెంబరు 25న అమరావతిలో ఆర్డరు అందుకున్నప్పుడు అమ్మ ఏడ్చేసింది. అక్టోబరులో చేరాను. పాడేరు దాటి ఇంకా చాలా లోపలికి. బడికి టీచరును నేనొక్కడినే. పిల్లలు 19 మంది, ఒకటి నుంచి ఐదు దాకా అందరూ ఒకే గదిలో. బోర్డు మధ్యలో గీత గీసి ఇటు అక్షరాలు, అటు భాగహారాలు రాస్తున్నా. ఫేస్ అటెండెన్సుకి సిగ్నల్ కావాలంటే బడి వెనక బండ ఎక్కాలి. నేను ఎక్కితే పిల్లలంతా కింద నిలబడి నవ్వుతారు.

డీఈడీ (టీచర్ ట్రైనింగు కోర్సు)లో రాసిన లెసన్ ప్లాన్లన్నీ ఒక క్లాసుకి ఒక పీరియడ్ లెక్కన ఉండేవి. ఐదు క్లాసులు ఒకేసారి ఎలా చెప్పాలో ఎవరూ చెప్పలేదు. చేరేముందు ఇచ్చిన ట్రైనింగులో కూడా నాకు గుర్తున్నది యాప్‌లూ, సర్వీసు రూల్సే. ఫ్రెండ్సేమో గ్రూప్-2కి చదువుకో అంటున్నారు. మీరెలా గడిపారో చెప్పండి.

సుద్దముక్క96:
తమ్ముడూ, నేను 96 డీఎస్సీ. నాదీ సింగిల్ టీచర్ బడితోనే మొదలైంది. ఐదు క్లాసులు అనుకోకు, రెండు గుంపులనుకో. ఒకటీ రెండూ ఒక గుంపు, మూడు నాలుగు ఐదు ఇంకో గుంపు. పెద్ద గుంపుకి రాతపని ఇచ్చాకే చిన్నవాళ్ల దగ్గర నేల మీద కూర్చో. కుర్చీలో కూర్చుంటే ఆ గది నీ మాట వినదు. ఐదో తరగతిలో చురుకైన పిల్లని పక్కన పెట్టుకో, కానీ రోజూ ఆ పిల్ల చేతే చెప్పించకు. దాని చదువు పోతుంది. నేను ఒక ఏడాది ఆ తప్పు చేశాను, ఇప్పటికీ బాధే.

మా ముందు బ్యాచ్‌ల వాళ్లు నెలకి 398 రూపాయలకు స్పెషల్ టీచర్లుగా పనిచేశారు. వాళ్లతో పోలిస్తే మనం మహారాజులం. అన్నట్టు 2025 సెప్టెంబరు 1 సుప్రీంకోర్టు తీర్పుతో నాకూ టెట్, అదే టీచర్ల అర్హత పరీక్ష, తప్పదట. రిటైర్మెంటుకి ఐదేళ్లు మించి ఉన్నవాళ్లు రెండేళ్లలో పాసవ్వాలి. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి, ఇప్పుడు మా అమ్మాయి పుస్తకాల్లో పెడగాజీ (పాఠం చెప్పే పద్ధతులు) చదువుతున్నాను. ఇంట్లో ఒకటే నవ్వులు.

పాలమూరు పంతులమ్మ:
మాది తెలంగాణ. 2024 డీఎస్సీ, 11,062 పోస్టులు. మాకు ఆర్డర్లు ఇచ్చిందే అక్టోబర్ల, ఎల్బీ స్టేడియంల. సగం ఏడు పోయినంక క్లాసు చేతికొచ్చింది. 2017 టీఆర్టీ (అదీ టీచర్ల ఎంపిక పరీక్షనే) తర్వాత పోస్టులు నింపింది మళ్లా అప్పుడే. నడుమ 2023ల 5,089 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చిండ్రు గని, అది రద్దయింది. మా చెల్లె బీఈడీ చేసి ఎస్జీటీకి చదివింది. 2023 ఆగస్టుల బీఈడీ వాళ్లు ప్రైమరీకి పనికిరారని సుప్రీంకోర్టు చెప్పేసరికి పుస్తకాలు అటక మీద పెట్టింది. ఏడేళ్లు ఊరుకొని ఒక్కసారి పది వేల మందిని తీసుకునుడు కాదు, ఏడాదికి వెయ్యి పోస్టులైనా సరే, పరీక్ష తప్పకుండా పెట్టాలె.

రెండు ర్యాంకులవాడు:
నా సంగతి వినండి. స్కూల్ అసిస్టెంటు (హైస్కూలు టీచరు) పోస్టుకీ ర్యాంకు వచ్చింది, ఎస్జీటీకీ వచ్చింది. అప్లికేషన్‌లో తొందరలో ఎస్జీటీ మొదటి ప్రిఫరెన్సు పెట్టాను. మార్చడానికి వీల్లేదన్నారు. మూలవేతనం 44,570 దగ్గర మొదలవ్వాల్సింది 32,670 దగ్గర మొదలైంది. తప్పు నాదే. ఇక నా మనసెక్కడుంటుందో మీరే చెప్పండి. మళ్లీ డీఎస్సీ రాస్తా.

98బ్యాచ్:
మూలవేతనం 32,670 గురించి ఏడుస్తున్నావా బాబూ? నేను 1998 డీఎస్సీలో క్వాలిఫై అయ్యాను, బడిలో అడుగుపెట్టింది 2023లో. అదీ మినిమం టైం స్కేలు (స్కేలులో మొదటి మెట్టు జీతమే), ఏటా కాంట్రాక్టు రెన్యువల్. చేరిన రోజు హెచ్ఎం నన్ను ఎవరి తాతయ్యో అనుకుని కుర్చీ వేశాడు. పిల్లలు బాగా వింటున్నారు, అది చాలు.

బదిలీ పాయింట్లు:
చోడవరం తమ్ముడూ, లెక్క సింపుల్. నీ బడిది నాలుగో కేటగిరీ అయితే బదిలీల్లో ఏడాదికి ఐదు పాయింట్లు. పట్నంలో ఒకటో కేటగిరీ వాడికి ఒక్కటే. రెండేళ్లు నిండితే రిక్వెస్టు పెట్టుకోవచ్చు. పాయింట్లు కూడబెట్టుకుని దిగిపో.

అరకు పిల్ల:
ఇదిగో, ఈ మాటే మా ఊళ్లకి శాపం. మన దగ్గర టీచరు ఉద్యోగం వదలడు, ఊరు వదులుతాడు. రికార్డుల్లో మాత్రం పోస్టు భర్తీ అయినట్టే. మా బడికి నా చిన్నప్పుడు ఐదేళ్లలో నలుగురు మాస్టార్లు మారారు. ఒక్కరికీ మా భాష రాదు. రెండో తరగతి దాకా సారు ఏమంటున్నారో నాకు అర్థం కాలేదు, నిలబడమంటే కూర్చునేదాన్ని.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో 3 ఉండేది, 2000 నాటిది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నూటికి నూరు పోస్టులూ ఒక్కరికే ఇవ్వడం తప్పన్నారు, సరే. కానీ ఈ ఊరివాడైతే బదిలీ కోసం పాయింట్లు లెక్కపెట్టుకోడు కదా. చోడవరం అన్నయ్యని అనడం లేదు, కష్టపడి ర్యాంకు తెచ్చుకున్నారు. నేనూ డీఈడీ చదువుతున్నాను.

బదిలీ పాయింట్లు:
నిజమే అమ్మా. కానీ నాకూ పెళ్లాం పిల్లలున్నారు. అక్కడ అద్దెకి ఒక గది కూడా దొరకలేదు, ఆరు నెలలు బడి వరండాలోనే పడుకున్నా. క్వార్టర్స్ కట్టి ఇస్తే ఉండేవాణ్నేమో.

సుద్దముక్క96:
ఈయన చెప్పింది కొట్టిపారేయకండి. ఉండటానికి గది, నెలకోసారైనా వచ్చి పాఠం చూసి మాట్లాడే సీనియరు, ఈ రెండూ ఉంటే కొత్తవాళ్లలో చాలామంది నిలబడతారు. కాంప్లెక్స్ మీటింగులు (చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసేవి) అందుకే పెట్టారు. వాటిలో ఫార్మాట్లు నింపడంతోనే సాయంత్రమవుతుంది.

చోడవరం కుర్రాడు:
రెండు గుంపుల పద్ధతి సోమవారం మొదలుపెట్టాను మాస్టారూ. చిన్న గుంపు బాగుంది, పెద్ద గుంపు ఇంకా గోలే. అరకు చెల్లెమ్మా, నీ మాట చదివాక రెండో తరగతి పిల్లాడొకడిని గమనించాను. నేను తెలుగులో అడిగితే నేల చూపులు చూస్తాడు, పక్కపిల్ల వాళ్ల గిరిజన భాష కువిలో చెప్పగానే లేచి బోర్డు దగ్గరికొచ్చి రాసేశాడు. వాళ్ల మాటలు ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను, నలభై దాకా అయ్యాయి. నేను పలికితే పడీపడీ నవ్వుతున్నారు. ఎవరి బడిలోనైనా పాత కువి వాచకాలు మిగిలుంటే చెప్పండి. శనివారం పాడేరు వస్తాను, తీసుకెళ్తా.