ఒక్క రోజే ఉంటే పెద్దవాళ్ళకి చార్మినారా, గోల్కొండా?

గోదావరి గట్టు:
అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి వస్తున్నారు. హైదరాబాద్‌లో ఉండేది వచ్చే శుక్రవారం ఒక్కరోజే. నాన్నగారికి 71 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. అయినా రామదాసు చెర చూడాలి, గోల్కొండే పోదాం అంటున్నారు. అన్నయ్యేమో "ఆ మెట్లు ఎక్కించి ఆయన్ని మంచాన పడేస్తావా? చార్మినార్, చౌమహల్లా ప్యాలెస్ చూపించు చాలు" అంటున్నాడు. రెండు రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. మీరేమంటారు?

పాతబస్తీ పిల్ల:
మీ అన్నయ్య మాటే నాదీ. పోయినేడు మే నెలలో మా అత్తయ్యని గోల్కొండ తీసుకెళ్ళాం. చేరేసరికే పదకొండయింది. సగం మెట్లు ఎక్కాక కళ్ళు తిరిగి అక్కడే కూలబడింది. ఆ టెన్షన్ నేను ఇప్పటికీ మర్చిపోలేను.

చార్మినార్ అయితే కింద నిలబడి తలెత్తి చూసినా తృప్తే. లోపలి మెట్లు మాత్రం ఇరుకు, ఎక్కించొద్దు. దగ్గర్లోనే బాద్షాహీ ఆషూర్‌ఖానా (మొహర్రంకి పీర్లు నిలిపే చోటు) ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాదే అదీ. గోడ పైభాగంలో నీలం, పసుపు ఎనామెల్ పలకలు ఇప్పటికీ మెరుస్తుంటాయి. కిందికి వచ్చేసరికి పలకలుండవు, పూసిన రంగులే ఉంటాయి. 1908 మూసీ వరద చేసిన పని అది. ఆ తేడా చూస్తే వరద గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఖిల్లా నడక:
శుక్రవారం అన్నారు కదండీ, ఆ రోజు చౌమహల్లాకి సెలవు. పైగా మక్కా మసీదు దగ్గర జుమ్మా నమాజు రద్దీ. కాబట్టి ఆ ప్లాన్ సగం పోయినట్టే.

అసలు గోల్కొండ అంటే శిఖరం ఎక్కడమే అనుకుంటారు, పేచీ అక్కడే. అందరూ గుమ్మటం కింద చప్పట్లు కొట్టి, పైన వినపడిందో లేదో చూద్దామని పరుగెడతారు. ఆగి గోడల వంక చూడండి. రాళ్ళ మధ్య విరిగిన మట్టి గొట్టాలు కనిపిస్తాయి. చక్రాలతో నీళ్ళు అంచెలంచెలుగా పైకి తోడి, ఆ గొట్టాల్లోంచే కొండమీది మహళ్ళకి పంపేవారు. పంపులు లేని రోజుల్లో! నాకైతే చప్పట్లకన్నా అదే పెద్ద అద్భుతం.

పాతబస్తీ పిల్ల:
శుక్రవారం సంగతి నాకు తట్టలేదు, నిజమే. కానీ రామదాసు చెర కింద లేదు కదా! ఆయన వస్తున్నదే దానికోసం. గొట్టాలు చూపించి వెనక్కి తీసుకొస్తే ఆ పెద్దాయన ఎంత బాధపడతారు?

ఖిల్లా నడక:
అది ఒప్పుకుంటాను. అయితే చెర పైకెళ్ళే దారిలోనే వస్తుంది, శిఖరం దాకా వెళ్ళక్కర్లేదు. తెరిచే వేళకే అక్కడ ఉండండి. పది మెట్లకోసారి కూర్చోబెట్టండి. మీ అత్తయ్యగారి విషయంలో తప్పు కోటది కాదమ్మా, మే నెల ఎండది. లోపల గోడమీద సీతారామలక్ష్మణుల బొమ్మలున్నాయి. చెరలో రామదాసే చెక్కుకున్నాడని చెబుతారు. నాన్నగారిని అక్కడ కాసేపు వదిలేయండి, తొందర పెట్టొద్దు.

ఎక్కలేనంటే దిగిపోయి గోల్కొండ సుల్తానుల కుతుబ్‌షాహీ సమాధులకి వెళ్ళండి, కోటకి కిలోమీటరు దూరం. శుక్రవారం తెరిచి ఉంటాయో లేదో మాత్రం ముందే కనుక్కోండి. అక్కడ కొండ ఎక్కే పనిలేదు, తోటలో నడకే. బాగుచేసిన మెట్ల బావులకి 2022లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది. రామదాసుని చెరలో పెట్టిన చివరి సుల్తాను తానీషా సమాధి మాత్రం అక్కడ లేదు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత ఔరంగజేబు కోటని పట్టుకుని ఆయన్ని దౌలతాబాద్‌లో బందీగా పెట్టాడు. ఆ చెరలోనే చనిపోయాడు, ఖుల్దాబాద్‌లో పూడ్చారు. నన్నడిగితే రామదాసు కథ తెలిసినవాళ్ళు కోటా, ఈ సమాధులూ ఒకే రోజు చూడాలి.

గోదావరి గట్టు:
ఇదంతా నాన్నగారికి చదివి వినిపించాను. తానీషా దగ్గరికి వచ్చేసరికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆయన కూడా చెరలోనే పోయాడా!" అని చాలాసేపు మాట్లాడలేదు. పొద్దున్నే కోట, తర్వాత సమాధులు అనుకున్నాం. అన్నయ్య ఇంకా సరే అనలేదు గానీ, మోసుకెళ్ళడానికి తేలికైన మడతకుర్చీ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.