‘హోస్ట్ వేరియబుల్’ ఏ సమాసం?

మద్దిలపాలెం నుంచి ప్రశ్న:
డిప్లొమా పిల్లలకు డేటాబేస్ పాఠం చెబుతుంటాను. పాస్కల్ భాషలో రాసే ప్రోగ్రాముల్లో, డేటాబేస్‌తో మాట్లాడే భాష అయిన ఎస్‌క్యూఎల్‌ను కలిపి రాసే పాత పద్ధతి మీద తెలుగులో చిన్న నోట్సు తయారు చేస్తున్నాను. ‘ఎంబెడెడ్’కి ‘పొదిగిన’ అన్నాను, నగలో రాయి పొదిగినట్టు. ‘డిక్లేర్ సెక్షన్’ని ‘ప్రకటన విభాగం’ చేశాను. ‘హోస్ట్ వేరియబుల్’ని ‘ఆతిథేయ చలరాశి’ అంటే మాత్రం, “ఈ చలరాశి ఎవరికి ఆతిథ్యం ఇస్తోంది సార్?” అని ఒక అమ్మాయి అడిగింది. ఏం చెప్పమంటారు?

గాజువాక నుంచి:
ఆ అమ్మాయి అడిగిందే అసలు విషయం మాస్టారూ. ఇక్కడ ఆతిథ్యం ఇచ్చేది చలరాశి కాదు, భాష. పాస్కల్ ఇల్లు, ఎస్‌క్యూఎల్ వచ్చిన చుట్టం. 1992 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో ఇలా ఇల్లిచ్చే భాషలు ఏడు: అడా, సి, కోబాల్, ఫోర్ట్రాన్, మంప్స్, పాస్కల్, పీఎల్/వన్. అందుకే దీన్ని కర్మధారయంగా విప్పితే అర్థం చెడుతుంది. మధురవాడ స్టేడియంలో మ్యాచ్ అయితే పేపర్లు రాసే ‘ఆతిథేయ జట్టు’ కర్మధారయం, ఎందుకంటే ఆ జట్టే ఆతిథ్యం ఇస్తుంది. మీది షష్ఠీ తత్పురుష: ఆతిథేయ భాష యొక్క చలరాశి. మొదటిసారి వచ్చినచోట ‘ఆతిథేయ భాషా చలరాశి’ అని పూర్తిగా రాసి, తర్వాత కుదించుకోండి.

ఈ విగ్రహవాక్యం తెలిస్తే కోలన్ సంగతి కూడా తేలిపోతుంది. పాస్కల్‌లో ప్రకటించేటప్పుడు ముందు పేరు, తర్వాత కోలన్, ఆపైన రకం: ‘నంబరు : ఇంటిజర్’. అదే పేరును ఎస్‌క్యూఎల్ వాక్యంలో వాడితే కోలన్ పేరుకు ముందుకొస్తుంది. ‘ఇది నా కాలమ్ కాదు, ఇంటివాళ్లది’ అని ఎస్‌క్యూఎల్‌కు చెప్పే గుర్తు అది. మామూలు పాస్కల్ వాక్యాల్లో ఆ గుర్తు పెట్టరు, ఇంట్లో ఇంటివాళ్లకు అక్కర్లేదు కదా.

కోలన్ మరిచిపోతే ఏమవుతుందో పిల్లలకు బోర్డు మీద చూపించండి. టేబుల్‌లో కాలమ్ పేరు ‘నంబరు’, పాస్కల్ చలరాశి పేరూ ‘నంబరు’ అనుకోండి. ‘వేర్ నంబరు = నంబరు’ అని షరతు రాస్తే కాలమ్‌ను దానితోనే పోల్చినట్టు. నంబరు ఉన్న ప్రతి వరుసా సరిపోతుంది. అది జీతం పెంచే అప్‌డేట్ అయితే ఊరందరికీ పెరుగుతుంది. డిలీట్ అయితే ఇక చెప్పేదేముంది!

పెందుర్తి నుంచి:
‘పొదిగిన’ అంటే మా పిల్లలు కోడిపెట్టను తలచుకుంటారండి 😄

సీతమ్మధార నుంచి:
తలచుకోనివ్వండి, ‘అంతర్నిహిత’ కన్నా నయమే. నాకు ‘ప్రకటన విభాగం’ బాగా నచ్చింది. ‘నిర్వచనం’ అని పెట్టేవాళ్లున్నారు, అది డెఫినిషన్‌కు ఉంచుకోవాలి. ప్రకటించడమంటే వినేవాళ్లు ఉండాలి, ఇక్కడ ఇద్దరున్నారు. ‘బిగిన్ డిక్లేర్ సెక్షన్’, ‘ఎండ్ డిక్లేర్ సెక్షన్’ మధ్య రాసిన పేర్లను ముందు ప్రీకంపైలర్ (అసలు కంపైలర్ కన్నా ముందు నడిచే ప్రోగ్రాం) చదివి, ఏది ఏ రకమో గుర్తుపెట్టుకుంటుంది. ఎస్‌క్యూఎల్ వాక్యాలను మామూలు ప్రొసీజర్ పిలుపులుగా మార్చి పాస్కల్ కంపైలర్‌కు అందిస్తుంది. ఆ కంపైలర్ అవే ప్రకటనలను తన లెక్కలో మళ్లీ చదువుకుంటుంది. విభాగం బయట ప్రకటించిన పేరు పాస్కల్‌కు చక్కగా తెలుస్తుంది, ప్రీకంపైలర్‌కు మాత్రం వినపడదు. ప్రమాణం ప్రకారం దాన్ని ఎస్‌క్యూఎల్‌లో వాడకూడదు.

మద్దిలపాలెం నుంచి:
సమాసం చిక్కు విడిపోయింది, ధన్యవాదాలు. ఇంకొక్కటి. ‘ఇండికేటర్ వేరియబుల్’కి ‘సూచిక’ అందామంటే ఇండెక్స్‌కి అప్పుడే ఆ మాట వాడేశాను.

గాజువాక నుంచి:
‘సూచకం’ అనండి, కొద్దిపాటి తేడాతో సరిపోతుంది. అది అసలు చలరాశి పక్కనే ఉండే చిన్న పూర్ణాంకం. డేటాబేస్ నుంచి నల్ వస్తే అందులో -1 పడుతుంది. నల్‌ను మాత్రం ‘శూన్యం’ అనకండి మాస్టారూ. అలవెన్స్ శూన్యమంటే సున్నా రూపాయలని అర్థం. నల్ అంటే ఆ గడిలో ఎవరూ ఏమీ నింపలేదని. ఈ రెండింటినీ విడదీయడానికే ఆ సూచకం ఉంది.

సీతమ్మధార నుంచి:
‘విలువ లేదు’ అని రెండు మాటల్లో రాస్తే సరి. ప్రతిదానికీ సమాసమే కావాలా?