అంతరాత్మ ప్రబోధం: ఓటుకు అంటుకున్న మాట

ప్రశ్న (ఒక సభ్యురాలు):
రాష్ట్రపతి ఎన్నిక వచ్చిన ప్రతిసారీ పేపర్లో ‘అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయాలని పిలుపు’ అని చదువుతుంటాను. హిందీవాళ్లు ‘అంతరాత్మా కీ ఆవాజ్’ అంటారు. మనకు మనస్సాక్షి అనే చక్కటి మాట ఉంది కదా, ఈ ప్రబోధం ఎందుకు వచ్చింది? దీనికీ గోడ దూకడానికీ తేడా ఏమిటి? పెద్దలు చెప్పగలరు.

జవాబు:
అమ్మా, ఈ మాట మన రాజకీయ వార్తల్లో పాతుకుపోయింది 1969లో. అప్పుడేం జరిగిందో చెప్పకుండా అర్థం ఒక్కటే చెబితే సగం చెప్పినట్టే. అందుకని ముందు ఆ సంగతులు.

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి వి.వి. గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలైలో బెంగళూరులో కాంగ్రెస్ సమావేశాలు జరిగాయి. పార్లమెంటరీ బోర్డులో ప్రధాని ఇందిరా గాంధీ జగ్జీవన్ రామ్ పేరు ముందుకు తెచ్చారు. నిజలింగప్ప, కామరాజ్, ఎస్.కె. పాటిల్ వంటి పెద్దల వర్గం (పత్రికలు ‘సిండికేట్’ అని పిలిచింది వీళ్లనే) అప్పటి లోక్‌సభ స్పీకర్ నీలం సంజీవరెడ్డిని నిలబెట్టాలంది. బోర్డులో ఇందిర మాట నెగ్గలేదు. సంజీవరెడ్డి నామినేషన్ పత్రాల మీద ఆమె సంతకం కూడా చేశారు. అంటే కాగితం మీద పార్టీ ఒక్కటే, అభ్యర్థీ ఒక్కడే.

ఆ ఐక్యత పైపైనే. జూలై 16న మొరార్జీ దేశాయ్ నుంచి ఆర్థిక శాఖ తీసేశారు, ఆయన రాజీనామా చేశారు. 19న 14 బ్యాంకులను జాతీయం చేస్తూ ఆర్డినెన్స్ వచ్చింది. దాని మీద సంతకం పెట్టింది గిరి గారే. మర్నాడు 20న ఆయన పదవికి రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా బరిలోకి దిగారు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా తాత్కాలిక రాష్ట్రపతి కావలసి వచ్చింది.

మన పాఠకులకు ఇది మామూలు ఢిల్లీ వార్త కాదు. సంజీవరెడ్డి అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టి ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయినవారు. గిరి బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టి, 1937లో బొబ్బిలి రాజానే ఎన్నికల్లో ఓడించిన కార్మిక నాయకుడు. (ఆయన ఇంటిపేరు వరాహగిరి, పేరు వెంకటగిరి. పొడి అక్షరాల వెనక రెండు గిరులున్నాయి. మన గ్రూపులో ఈ సంగతి ఒకసారి చెప్పుకోవాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.)

పార్టీ అధ్యక్షుడు నిజలింగప్ప జనసంఘ్, స్వతంత్ర పార్టీల నాయకులను కలిశారు. వాళ్ల అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్. వాళ్ల రెండో ప్రాధాన్య ఓట్లు (తమ అభ్యర్థి ఓడితే లెక్కలోకి వచ్చే రెండో ఎంపిక) సంజీవరెడ్డికి వేయించాలని ఆయన ప్రయత్నం. ఇందిర వర్గానికి పట్టు దొరికింది. ప్రత్యర్థులతో లోపాయికారీ ఒప్పందం చేసుకున్నారంటూ జగ్జీవన్ రామ్, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ లేఖ రాశారు, సభ్యులకు స్వేచ్ఛగా ఓటు వేసే హక్కు కావాలన్నారు. విప్ (ఎవరికి ఓటు వేయాలో సభ్యులకు పార్టీ ఇచ్చే ఆదేశం) జారీ చేయమని పార్టీ అడిగితే ఇందిర చేయలేదు. ఎవరి అంతరాత్మ ఎలా చెబితే అలా వేయండన్నారు.

ఆగస్టు 16న పోలింగ్, 20న లెక్కింపు. ఓటు వేసేది ఎంపీలు, ఎమ్మెల్యేలే. ఒక్కో ఓటుకు కొంత విలువ ఉంటుంది, ఈ అంకెలు ఆ విలువలవి. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలవడానికి 4,18,169 కావాలి, ఎవరికీ రాలేదు. దేశ్‌ముఖ్‌తో సహా మిగతావాళ్ల ఓట్లు పంచేసరికి సంజీవరెడ్డికి దాదాపు 92 వేలు కలిశాయి, గిరికి కలిసింది 18,562 మాత్రమే. అయినా గిరి 4,20,077తో గట్టెక్కారు. కావలసినదానికన్నా 1,908 ఎక్కువ. ఈ లెక్కను నిదానంగా చూడండి. నిజలింగప్ప వెళ్లి అడిగిన రెండో ప్రాధాన్య ఓట్లు నిజంగానే వచ్చాయి. రావలసిన సొంత పార్టీ ఓట్లే రాలేదు. ‘అంతరాత్మ ప్రబోధం’ అనే మాటకు అంత బరువు వచ్చింది ఆ 1,908 దగ్గరే.

ఇక మాట సంగతి. ప్రబోధంలో ఉన్నది ‘బుధ్’ ధాతువు. మేల్కోవడం, తెలుసుకోవడం రెండూ దాని అర్థాలే. కార్తిక శుద్ధ ఏకాదశిని ప్రబోధిని ఏకాదశి అంటాం, విష్ణువు యోగనిద్ర నుంచి లేచే రోజు కాబట్టి. తెలుగులో ప్రబోధం అంటే మేలుకొలిపి దారి చెప్పడం. ప్రబోధ గీతం అనేది అలాంటిదే. ఆవాజ్ వినపడితే చాలు. ప్రబోధం వింటే లేచి ఏదో ఒకటి చేయాలి.

మనస్సాక్షి ఎందుకు సరిపోదో ఆ మాటలోనే ఉంది. సాక్షి అనేవాడు జరిగినదాన్ని చూసి చెప్పేవాడు. ‘నీ మనస్సాక్షిని అడుగు’ అని మనం ఎక్కువగా అనేది పని జరిగాక, తప్పొప్పులు తేల్చేటప్పుడు. ఓటు ఇంకా వేయలేదు. వేయకముందు ఏం చేయాలో చెప్పేది కావాలి, అది ప్రబోధం.

ఇంకో కారణం నాకు మరీ ముఖ్యంగా కనిపిస్తుంది. ‘మేరకు’ అనే ప్రత్యయం చూడండి. ఆదేశాల మేరకు, ఉత్తర్వుల మేరకు, సూచనల మేరకు. ఆఫీసు భాషలో పైనుంచి వచ్చినదానికే ‘మేరకు’ తగిలిస్తాం. ‘అధిష్ఠానం ఆదేశాల మేరకు’ అన్నది ప్రతి పార్టీ వార్తలో ఉండే ముక్క. దానికి ఎదురు నిలవగల మాట కావాలంటే అదే అచ్చులో ఉండాలి. ‘గొంతు మేరకు’ అనలేం, ‘మనస్సాక్షి మేరకు’ అన్నా అతకదు. ‘అంతరాత్మ ప్రబోధం మేరకు’ అనగానే లోపల ఇంకో అధిష్ఠానం కూర్చున్నట్టు ధ్వనిస్తుంది. అందుకే అది పత్రికా భాషలో అంత సులువుగా ఇమిడింది.

గోడ దూకడానికీ దీనికీ తేడా అడిగారు. గోడ దూకడం, ఫిరాయింపు అంటే పార్టీయే మారడం. క్రాస్ ఓటింగ్ అంటే పార్టీలోనే ఉండి అవతలి అభ్యర్థికి వేయడం, అది జరిగిన పని. అంతరాత్మ ప్రబోధం అనేది ఆ పనికి చెప్పే కారణం. పనికీ కారణానికీ ఒకే పేరు పెట్టేస్తే వార్త తప్పుతుంది.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. రాష్ట్రపతి ఎన్నికలో ఓటు రహస్యం. ఎవరు ఎవరికి వేశారో విలేఖరికి తెలియదు. ఎందుకు వేశారో అసలే తెలియదు. కాబట్టి ‘అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయాలని ఫలానావారు కోరారు’ అని రాయవచ్చు. ‘పదిమంది ఎమ్మెల్యేలు అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేశారు’ అని రాయకూడదు. అలా రాసిన పత్రిక వార్త ఇవ్వడం లేదు, ఒక పక్షం వాదన చేస్తోంది. అదే ఓటును ‘వెన్నుపోటు’ అని శీర్షిక పెట్టిన పత్రిక రెండో పక్షం వాదన చేస్తోంది. ఆ రోజుల్లో హైదరాబాదులో టీవీ లేదు, రేడియో ప్రభుత్వానిది. వివరంగా తెలియాలంటే పొద్దున్నే వచ్చే పేపరే దిక్కు. అలాంటప్పుడు శీర్షికలో ఏ మాట పడిందన్నది చిన్న విషయం కాదు. ఇవాళ స్క్రోలింగ్‌లో నాలుగు మాటలే పడతాయి, జాగ్రత్త ఇంకా ఎక్కువ ఉండాలి.

వ్యాఖ్య (ఒక రిటైర్డ్ మాస్టారు):
వివరణ బాగుంది. కానీ పార్టీ టికెట్ మీద గెలిచి పార్టీ అభ్యర్థికి ఓటు వేయకపోవడం ద్రోహమే. దానికి సంస్కృతంలో ఒక గొప్ప పేరు పెట్టుకున్నారు, అంతే. నామినేషన్ మీద సంతకం పెట్టినవారే తర్వాత అంతరాత్మ అనడం ఏం న్యాయం?

జవాబు:
మాస్టారూ, మీ కోపంలో న్యాయం ఉంది. ప్రబోధం ఎవరి అంతరాత్మలోంచి వారికి రావాలి. పార్టీలో అందరికన్నా బలమైన నాయకురాలు ‘అంతరాత్మను వినండి’ అన్నప్పుడు వినేవాడికి అది ఆమె మాటగానే చేరుతుంది. ఆ చిక్కు మాటలో లేదు, పలికిన చోటులో ఉంది. ఆ నవంబరు 12న ఇందిరను పార్టీ నుంచి బహిష్కరించారు, కాంగ్రెస్ రెండుగా చీలింది.

ద్రోహం అన్నదాన్ని మాత్రం ఒప్పుకోలేను. రాజ్యాంగం రాష్ట్రపతిని ఎన్నుకోమన్నది సభ్యులను, పార్టీలను కాదు. అందుకే రహస్య ఓటు పెట్టింది. 1985లో వచ్చిన పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) కూడా సభలో వేసే ఓటుకే వర్తిస్తుంది, ఈ ఎన్నికకు కాదు. ఇందులో ఎవరి మీదా విప్ చెల్లదు. రాజ్యసభ ఎన్నికలు చూడండి, 2003లో చట్టం మార్చాక ఎమ్మెల్యే తన ఓటును పార్టీ ఏజెంటుకు చూపించి వేయాలి. అక్కడ ‘అంతరాత్మ ప్రబోధం’ అంటే చాటున చేసే పని కాదు, పార్టీ కళ్లముందే చేయాలి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

గిరి, సంజీవరెడ్డిల పోటీలో నిజంగా మాట పడాల్సింది ఇంకొకటుంది. సంజీవరెడ్డి మీద నిందలు గుప్పిస్తూ పేరూ ఊరూ లేని కరపత్రం ఒకటి ఎంపీల మధ్య తిరిగింది. మన ఆకాశరామన్న బాపతు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రాష్ట్రపతి హోదాలో ఉండి గిరి గారు స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం ఇచ్చారు. 1970లో పిటిషన్ కొట్టేశారు. ద్రోహం అనాలంటే ఆ కరపత్రం రాసినవాణ్ణి అనాలి. ఓటు వేసిన సభ్యుడు ఏ వైపు వేసినా తన హక్కే వాడుకున్నాడు.

వ్యాఖ్య (ఇంకో సభ్యుడు):
సంజీవరెడ్డి గారు తర్వాత ఏకగ్రీవంగా గెలిచారు కదండీ. ఏకగ్రీవం అంటే ‘ఒకే మెడ’ కదా, ఆ మాట ఎన్నికకు ఎలా వచ్చింది? అలాగే చాలామంది ‘ప్రభోదం’ అని రాస్తున్నారు, ఏది సరి?

జవాబు:
గ్రీవం అంటే మెడ, నిజమే. అందరి తలలూ ఒకే మెడ మీద ఉన్నట్టు ఒక్క మాట మీద నిలవడం అని అర్థం చెప్పుకోవచ్చు. అయితే మన వాడుకలో ఏకగ్రీవానికి రెండు పనులు పడ్డాయి. అందరూ ఒప్పుకున్న తీర్మానమూ ఏకగ్రీవమే, పోటీ లేకుండా జరిగిన ఎన్నికా ఏకగ్రీవమే. హిందీలో రెండోదానికి నిర్విరోధ్ అని వేరే మాట ఉంది. 1977లో జరిగింది రెండో రకం. 37 మంది నామినేషన్లు వేస్తే 36 చెల్లలేదు. పోలింగే జరగలేదు. పంచాయతీ ఎన్నికల వార్తల్లోనూ ఇదే తికమక. సర్పంచ్ ఏకగ్రీవం అంటే ఊరంతా ఒప్పుకుందని కాదు, బరిలో రెండో మనిషి మిగల్లేదని. ‘పోటీ లేకుండా ఎన్నిక’ అని రాస్తే రెండు ముక్కలు ఎక్కువైనా నిజం దగ్గరగా ఉంటుంది.

ప్రబోధమే సరి. బకు ఒత్తు లేదు, ధకు ఉంది. బోధన, ఉద్బోధ, సంబోధన అన్నీ ఆ ఇంటివే, వాటిని గుర్తుపెట్టుకుంటే తప్పు పోదు. ‘అనుసారం’ కలిపితే ప్రబోధానుసారం.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:
ఈమధ్య ఎన్నికల్లో కూడా ఎవరైనా వాడారా?

జవాబు:
2017లో ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలిచిన మీరా కుమార్ అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయమని సభ్యులను కోరారు. ఆమె జగ్జీవన్ రామ్ కుమార్తె. 1969లో బోర్డులో నెగ్గని పేరు, స్వేచ్ఛా ఓటు కోరుతూ రాసిన లేఖ మీద సంతకం రెండూ ఆమె తండ్రివే. 2022లో యశ్వంత్ సిన్హా కూడా అదే పిలుపు ఇచ్చారు. ఆ ఏడాది క్రాస్ ఓటింగ్ జరిగింది, కానీ అటు కాదు, ద్రౌపదీ ముర్ము వైపు. సంఖ్య తక్కువ ఉన్న అభ్యర్థే ఈ మాట ఎత్తుకుంటారని ఈ రెండు ఎన్నికల్లో కనిపిస్తుంది. 1969 పద్ధతి వేరు. అప్పుడు ఆ మాట అన్నది అభ్యర్థి కాదు, ఆయన ప్రత్యర్థిని నిలబెట్టిన పార్టీకి చెందిన ప్రధాని. పాత పేపర్లు తిరగేసేవాళ్లు ఎవరైనా ఉంటే, 1969 ఆగస్టు రెండో వారం సంచికల్లో ఈ మాటకు కోట్స్ పెట్టారో లేదో చూసి ఇక్కడ ఫొటో పెట్టండి. కోట్స్ ఉంటే అది నాయకుల మాట, లేకపోతే పత్రిక తన మాటగా తీసుకుందన్నమాట.