ఎన్‌సీసీ నుండి సైన్యాధికారి కావడానికి అర్హతలు ఏమిటి?

ప్రశ్న (పర్లాకిమిడి, గజపతి జిల్లా):
అందరికీ నమస్కారం. మా చెల్లెలు ఇంటర్మీడియట్ ఏరు దాటి ఆంధ్రాలోని పాతపట్నంలో చదివి, ఈ ఏడాది ఇక్కడి కళాశాలలో డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరింది. ఒడిశాలో ఎన్‌సీసీలో చేరడానికి ఆ ఆంధ్రా సర్టిఫికెట్ అడ్డమవుతుందా? రాత పరీక్ష లేకుండా అధికారి కావచ్చన్న మాట నిజమేనా?

జవాబు 1 (రాయగడ):
అడ్డం కాదండీ. ఎన్‌సీసీ దేశమంతటికీ ఒకటే. ప్రస్తుతం చదువుతున్న కళాశాలలో యూనిట్ ఉండి, వయసు 26 ఏళ్లు దాటకుండా, దేహదారుఢ్యం ఉంటే సీనియర్ వింగ్‌కు, అంటే కళాశాల అమ్మాయిల విభాగానికి, దరఖాస్తు చేయవచ్చు. అయితే రెండో ఏడాది చూద్దాంలే అనుకోవద్దు. అధికారి కావడానికి కావలసిన ‘సీ’ సర్టిఫికెట్ (ఎన్‌సీసీలో అన్నిటికన్నా పై స్థాయిది) చేతికి రావడానికి మూడేళ్ల శిక్షణ, కవాతుల్లో 75 శాతం హాజరు, క్యాంపులు అవసరం కనుక ఆలస్యంగా చేరినవారికి డిగ్రీ ముగిసేలోపు ఆ గడువు సరిపోదు.

జవాబు 2 (బరంపురం):
రాత పరీక్ష లేదన్నది నిజమే కాని, సగమే నిజం. ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి, అంటే రాత పరీక్ష లేకుండా సైన్యాధికారిగా చేరే మార్గానికి, 19 నుండి 25 ఏళ్ల వయసు, డిగ్రీలో 50 శాతం మార్కులు, ‘సీ’ సర్టిఫికెట్‌లో కనీసం ‘బీ’ గ్రేడు ఉండాలి, అవివాహితులై ఉండాలి. ఆపైన అయిదు రోజుల ఎస్‌ఎస్‌బీ (సైన్యాధికారులను ఎంపిక చేసే బోర్డు) ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష తప్పవు. అసలు వడపోత అక్కడే జరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. చేరితే సైన్యానికి వెళ్లి తీరాలేమోనని అమ్మ భయపడుతోంది.

జవాబు 1:
అటువంటి నిర్బంధమేమీ లేదని అమ్మగారికి చెప్పండి.