చిన్న యూనిట్లలో కరెంటు ఆదా: ఒక్క రోజే టైముంటే ముందు ఏం చూడాలి?

కొత్త ఆడిటర్:
అందరికీ నమస్కారం. చిన్న, మధ్యతరహా యూనిట్లకు ఎనర్జీ ఆడిట్ చేసే టీమ్‌లో ఈమధ్యే చేరాను. ప్లాస్టిక్ మౌల్డింగ్, ప్యాకింగ్, చిన్న మెషిన్ షాపులు, ఇలాంటివే ఎక్కువ. వెళ్తాం, కొలుస్తాం, లావుపాటి రిపోర్ట్ ఇస్తాం. మోటార్లు మార్చండి, వీఎఫ్‌డీలు (మోటారు స్పీడును అవసరాన్ని బట్టి మార్చే పరికరాలు) పెట్టండి, ఎల్‌ఈడీలు వేయండి అని రాస్తాం. ఓనరు "చాలా బాగుందండీ" అంటారు. ఆ తర్వాత అది బీరువాలోకి పోతుంది. ఒక్క రోజే టైముంటే మీరైతే ముందు దేన్ని పట్టుకుంటారు?

వెలుతురు:
లైట్లతో మొదలుపెట్టించండి. మార్పు కంటికి కనిపిస్తుంది, ఎవరూ అడ్డు చెప్పరు. పైకప్పు మీద సోలార్ కూడా పెట్టిస్తే సగం తలనొప్పి పోతుంది.

కంప్రెసర్ రూమ్:
లైట్లు మార్చొద్దని నేననను. కానీ మౌల్డింగ్ షాపు బిల్లులో లైట్ల వాటా ఎంతని? ఇక వృథా ఆపకుండా సోలార్ పెట్టడమంటే చిల్లు కుండకు నీళ్లు మోయడమే.

నేను మెయింటెనెన్స్ వాణ్ణి. ఆడిటర్లు వచ్చినప్పుడు అవతలి వైపు నిలబడేవాణ్ణి కాబట్టి చెప్తున్నా: మెషిన్లు నడిచే రోజు కాదు, సెలవు రోజు వెళ్లండి. ఒక్క వస్తువు కూడా తయారవని రోజున మీటరు ఎంత లాగుతోందో చూడండి. కూలింగ్ టవర్ పంపు తిరుగుతూనే ఉంటుంది. హాపర్ డ్రయ్యర్ (ప్లాస్టిక్ గింజలను ఆరబెట్టేది) ఎవరో ఆపడం మర్చిపోయి ఉంటారు. ఆ రీడింగు ఓనరుకు అక్కడే చూపించండి. దానికి లెక్కలు అక్కర్లేదు, ఆయనకే కడుపు మండుతుంది.

అదే రోజు గాలి లీకుల పరీక్ష కూడా అయిపోతుంది. గాలి వాడే మెషిన్లన్నీ ఆపి గాలిని ఒత్తి పైపుల్లోకి పంపే కంప్రెసర్ ఒక్కటే నడపండి. లోడ్‌లో (గాలి నింపుతూ) ఎన్ని నిమిషాలు ఉంది, అన్‌లోడ్‌లో (గాలి నింపకుండా ఊరికే తిరుగుతూ) ఎన్ని నిమిషాలు ఉంది, రాసుకోండి. లోడ్ టైమును మొత్తం టైముతో భాగిస్తే చాలు, కంప్రెసర్ కెపాసిటీలో ఎంత వాటా ఊరికే పోతోందో తెలుస్తుంది. 7 బార్ ప్రెషర్ దగ్గర 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒక్కటుంటే దాని వెనక కంప్రెసర్ 3, 4 కిలోవాట్లు తింటుంది. శబ్దం లేనప్పుడు లీకులు చెవికే వినిపిస్తాయి. మిగతావాటికి సబ్బు నీళ్లు చాలు. అన్నట్టు, స్క్రూ కంప్రెసర్ అన్‌లోడ్‌లో ఉందంటే ఖర్చు లేదనుకోకండి. ఫుల్ లోడ్ పవర్‌లో పావు నుంచి మూడో వంతు దాకా అప్పుడూ లాగుతుంది.

తర్వాత కంప్రెసర్ ప్రెషర్ సెట్టింగు చూడండి. 1 బార్ తగ్గిస్తే సుమారు 6, 7 శాతం పవర్ తగ్గుతుంది. కొనాల్సింది ఏమీ లేదు.

వీఎఫ్‌డీల గురించి ఒక మాట. ఫ్యాను గానీ పంపు గానీ స్పీడు 80 శాతానికి తగ్గితే పవర్ దాదాపు సగానికి పడుతుంది, నిజమే. కానీ నీటిని బాగా ఎత్తుకు తోడే పంపుల్లో అంత రాదు. ఎప్పుడూ ఫుల్ ఫ్లో కావాల్సిన చోట అయితే దండగే. వాల్వు సగం మూసి నడుపుతున్న పంపు కనబడితే అక్కడ వీఎఫ్‌డీ పెట్టమని అడగండి.

కొత్త ఆడిటర్:
థాంక్స్ అన్నా. ప్రెషర్ విషయంలోనే చిక్కంతా. ఓనరు సరేనన్నా సూపర్‌వైజర్ గారు ఒప్పుకోరు. తగ్గిస్తే రిజెక్షన్ (పనికిరాకుండా పోయే సరుకు) పెరుగుతుందని ఆయన టెన్షన్.

కంప్రెసర్ రూమ్:
ఆయన టెన్షన్‌లో తప్పేముంది? ఆదా అయితే పేరు మీకు, మెషిన్ ఆగితే తిట్లు ఆయనకు. లైను చివర మెషిన్‌కు గాలి చాలడం లేదని ఎప్పుడో ఎవరో మొత్తం ప్రెషర్ పెంచేసి ఉంటారు. ఆ మెషిన్ దగ్గరికి వెళ్లి చూడండి. సన్నటి హోసో, మూసుకుపోయిన ఫిల్టరో ఉంటుంది. ముందు అది బాగుచేయించండి. ఆ తర్వాత అర బార్ కంటే తక్కువే, కొంచెం కొంచెంగా, ఆయన చేత్తోనే తగ్గించమనండి. మళ్లీ పెంచే హక్కు కూడా ఆయనకే ఉండాలి.

లెక్కల మనిషి:
అకౌంట్స్ వైపు నుంచి నా మాట కూడా వినండి. ఆర్డర్లు పెరిగిన నెల బిల్లూ పెరుగుతుంది. "ఆదా అన్నారు, ఏదీ?" అని మమ్మల్ని అడుగుతారు. అందుకే బిల్లు మొత్తం కాకుండా, కిలో సరుకుకు ఎన్ని యూనిట్ల కరెంటు పట్టిందో నెలనెలా రాయించండి. ఐఎస్‌ఓ 50001 (ఎనర్జీ మేనేజ్‌మెంట్ ప్రమాణం) సర్టిఫికెట్ దాకా చిన్న యూనిట్ పోకపోయినా పర్లేదు, ఈ ఒక్క పట్టిక ఉంటే మీ మాటకు విలువ ఉంటుంది.

మోటార్ల సంగతి. నడుస్తున్న మోటారు పీకి కొత్తది పెట్టమంటే ఏ ఓనరూ వినడు, నేనూ చెక్కు రాయను. కాలిపోయిన రాత్రి మాత్రం ఎవరూ ఆలోచించరు, నేరుగా రీవైండింగ్‌కు (లోపలి తీగ మళ్లీ చుట్టించడానికి) పంపిస్తారు. అది సరిగ్గా చేయకపోతే ఎఫిషియెన్సీ ఇంకాస్త పడిపోతుంది. రోజంతా తిరిగే మోటారుకు కొన్న ధర కంటే అది తినే కరెంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి ఏ మోటారు కాలితే రీవైండింగ్ వద్దు, ఐఈ3 (కరెంటు తక్కువ తినే రకం మోటారు) కొనాలో ముందే జాబితా రాసి, ఓనరు సంతకం పెట్టించి ప్యానెల్ రూములో అంటించండి. నలభై పేజీల రిపోర్టులో నాకు పనికొచ్చేది ఆ ఒక్క కాగితమే.

కొత్త ఆడిటర్:
ఇది మా రిపోర్టుల్లో ఎక్కడా లేదండీ. వచ్చే ఆడిట్ సెలవు రోజున పెట్టమని మా టీమ్ లీడర్‌ను అడుగుతాను.

కంప్రెసర్ రూమ్:
అడుగు తమ్ముడూ. కంప్రెసర్ చూసుకునే మనిషిని కూడా ఆ రోజు రమ్మనండి, వాల్వులు మీరు ముట్టుకోవద్దు. వాచ్‌మన్‌ను కూడా కదపండి. రాత్రిపూట ఏ మోటారు ఊరికే మోగుతుందో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.